జానీ పందిరి

బీరకాయలేగా, తెంపుకో బిడ్డా, అడుగుడెందుకు. ఆ మూలకున్నది మాత్రం ముట్టకు, విత్తనానికి ఉంచిన. ఏంది చూస్తున్నవ్, పైపులా? అవ్, బీరపాదుకు గింత లావు ఇనుప పైపులు ఎవలేస్తరు, నాలుగు వెదురు కట్టెలు చాలవా. ఇయి పాదు కోసం తెచ్చినయి కావమ్మా. ఇది జానీ పందిరి. జానీ అంటే తెల్వదా? సరే, నీకెట్ల తెలుస్తది, మీరు మొన్న మొన్ననే వచ్చి దిగితిరి. మీరు కిరాయికుంటున్న ఇల్లు వానిదే. జానీ వీడియో అని, పెనుబల్లిల ఏ పాత పెండ్లి క్యాసెట్ పెట్టి చూసినా పెండ్లికొడుకు కంటే ముందు వాని గొంతే వినపడ్తది. "తాళి ఆపు, తాళి ఆపు, అయ్యగారూ మీ చెయ్యి అడ్డమొస్తాంది, మల్ల కట్టిపియ్యున్రి" అని. ముహూర్తం పోతదని అయ్యగారు మొత్తుకుంటుంటే, "ముహూర్తం నేను చూస్కుంట, మీరు జర ఎడమకు జరగున్రి" అనేటోడు. నోరు ముందు, మనిషి ఎనుక. వాని భార్య మస్తాన్‌బీ అనేది, నీ కెమెరాకు బ్యాటరీ గావాలె గని నీ నోటికి అక్కర్లేదు, పుట్టిన కాన్నుంచి అట్లనే నడుస్తాంది అని. పచ్చకామెర్లు అయి దవాఖానాల పండిండు, మల్ల లేవలే. మస్తు ఏండ్లాయె. ఆమె తన అక్క దగ్గరికి మధిర పోతూ పోతూ ఈ పైపులు నా కాడ పడేసి, "కాశన్నా, పాత ఇనుము వాళ్లకు మాత్రం ఇయ్యకు" అన్నది. ఇయ్యలే. ఎట్లిస్త.

నేనప్పుడు సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల డంపర్ నడిపేటోణ్ణి. మాది అసలు ఇల్లందు దిక్కు, బొగ్గు ఎటుంటే అటు పోవుడే మా బతుకు. షిఫ్టు దిగి వస్తే వాడు గోడ మీదికెల్లి తల పెట్టి ముచ్చట మొదలువెట్టేది. వాని కడుపుల ఒక్క మాట ఆగేది కాదు, అందుకే వాని సంగతి వాని కంటే నాకే ఎక్కువ ఎరుక. తెలంగాణ వచ్చినంక మొదటి ఎండాకాలం, ఇక్కడ ఆడపిల్లల కబడ్డీ పెట్టిన్రు. కమిటీకి పెద్ద హరిప్రసాద్ అని కాంట్రాక్టరు, మైకు దొరికితే విడిచేటోడు కాదు. కబడ్డీ అంటే గీత కాడ లొల్లి ఉంటదే గదా, కాలు బయట పడ్డదంటడు ఒకడు, పడలేదంటడు ఒకడు. జానీ పోయి ఏమన్నడంటే, "సార్, ఈసారి లొల్లే ఉండది. గీతల మీద కెమెరాలు పెడ్త" అన్నడు. అని ఈ పైపులు తెచ్చి వెల్డింగ్ జేయించి, కోర్టుకు ఈ పక్క ఆ పక్క పందిరి తీరు నిలబెట్టి, పైన నాలుగు చిన్న కెమెరాలు గీతల మీదికి చూసేటట్టు బిగించిండు. ఊరు ఊరంత వచ్చి చూసింది. మైకు గుంజుకొని, "మనిషి కన్ను అబద్ధం చెప్తది, జానీ కన్ను చెప్పది" అని కూడా అన్నడు. అనకపోతే ఏమయ్యేది, కానీ అన్నడు.

ఇగ ఫైనల్ వచ్చింది. ఒక పక్క ఖమ్మం టౌను పిల్లలు, సోని అని పొడుగు పిల్ల వాళ్ల కెప్టెన్, ఉడుములెక్క పట్టేది. ఇంకో పక్క దమ్మపేట అవుతల అడవి అంచుకున్న తండా పిల్లలు. వాళ్లల్ల జమ్లి. బిడ్డా, ఆ పిల్ల కూతకు పోతే చూడాలె. సన్నగ, నల్లగ, ఊపిరి ఎక్కడ పెట్టుకుంటదో తెల్వది, పాము పోయినట్టు పోయి ముట్టుకొని వచ్చేది. ఆఖరి కూతల ఒక పిల్లను ముట్టుకొని, గీత పొంటి ఉరికొచ్చి నడిమిగీత అందుకున్నది. గెలిచినమని తండా పిల్లలు ఎగురుతాన్రు. రెఫరీ తిరుమల మేడం సీటీ కొట్టి, కాలు బయట పడ్డది, ఔట్ అన్నది. జమ్లి పడలేదన్నది. మేడం పడ్డదన్నది. అప్పుడు అందరు జానీ దిక్కు తిరిగిన్రు. వాడు నిచ్చెనేసుకొని పైకెక్కి, కెమెరా తెచ్చి, టీవీకి తగిలిచ్చి, "చూడున్రి" అన్నడు. చూసిన్రు. జమ్లి కూతకు బయలెల్లింది, గీత కాడికి వచ్చింది, నల్ల తెర. అంతే. బ్యాటరీ అయిపోయింది. పొద్దుగాల్నుంచి ఎండల మాడి మాడి, ఆ బుడ్డ బ్యాటరీ సరిగ్గ అక్కడ సచ్చిపోయింది. ఆట నడుస్తుంటే నిచ్చెనేసి మార్చనియ్యరు గదా, అది వాడు ముందు అనుకోలే. మేడం మాటే ఖాయమై కప్పు ఖమ్మం పోయింది, జనం ఒకటే నవ్వుడు. హరిప్రసాద్ మైకుల, "జానీ కన్ను మూసుకున్నది, గీత దాటిన జమ్లి ఇంటికి పోవచ్చు" అన్నడు. నవ్వులాటకే అన్నడు పాపం. కానీ ఆడపిల్లను గీత దాటింది అంటే ఏమర్థమో నీకు నేను చెప్పాల్నా. ఆ మాట ఆట కాడ ఆగలే. సంతల అన్నరు, షేర్ ఆటోల అన్నరు, కాలేజీ కాడ పోరగాళ్లు అన్నరు. కబడ్డీ చూడనోడు కూడా అన్నడు. వాళ్ల నాయిన రూప్లా, మాట తక్కువ మనిషి, బిడ్డ బూట్లు తీసి అటుక మీద పెట్టిండు. ఆట చాలు అన్నడు.

జానీ ఆ తర్వాత కొన్ని దినాలు గోడ మీదికెల్లి తల పెట్టలే. మస్తాన్‌బీ వచ్చి, "అన్నా, మీ తమ్మునికి మాట పడిపోయిందా ఏంది, జర చూడు" అన్నది. పోయి చూస్తే నాలుగు కెమెరాలు నేల మీద పరుసుకొని కూసున్నడు. "కాశన్నా, ఆ పిల్ల కాలు లోపల్నే ఉన్నది. నేను కండ్లార చూసిన. కానీ నా మాట ఎవడు నమ్ముతడు, నా నోటికి ఉన్న ఇజ్జత్ నాకు తెలుసు. కెమెరా చెప్పాలె" అన్నడు. ఏం జేస్తవంటే, "దీని కడుపుల ఉన్న బ్యాటరీతోని కాదు. కింద పెద్ద బ్యాటరీ పెట్టి, వైర్లతోని పైకి కరెంటు ఎక్కిస్త. పొద్దుందాక నడవాలె" అన్నడు. కరెంటు తీగె నుంచే గుంజరాదా అన్న నేను. "మన ఊర్ల కరెంటు నా బ్యాటరీ కంటే ముందు పోతది" అన్నడు. నిజమే.

ఇగ మొదలువెట్టిండు. టేకు చెక్క చెక్కి, బ్యాటరీ ఎంతుంటదో అంత ముక్క తయారు చేసి, దానికి ఇత్తడి రేకులు కొట్టి, వైరు తగిలిచ్చి, కెమెరాల బ్యాటరీ పెట్టే గూట్ల దూర్చిండు. అంటే ఉత్తుత్తి బ్యాటరీ అన్నట్టు. కెమెరా నిజమనుకుంటది, కరెంటేమో కింది నుంచి వస్తది. కింద పెట్టిన ఆటో బ్యాటరీ జోరు కెమెరాకు ఎక్కువైతదని, ఆ జోరు తగ్గించే చిన్న డబ్బీ ఒకటి ఖమ్మం నుంచి తెచ్చి బ్యాటరీ కాడ పెట్టిండు. మొదటి దినమే ఎర్ర వైరు నల్ల వైరు తారుమారు చేసిండు. కెమెరాల నుంచి పొగ. మస్తాన్‌బీ చూసి, "మంచిగైంది, దాని నోరు కూడా నీ నోరు లెక్కనే కాలింది" అన్నది. ఇంకో కెమెరా తెచ్చి మల్ల కట్టిండు. ఈసారి దగ్గరున్న రెండు మంచిగనే నడిచినయి, దూరమున్న రెండు మాత్రం కండ్లు మూసుడు తెరుసుడు. బ్యాటరీ నిండుగున్నది, వైరు అతుకులు మంచిగున్నయి, కానీ చివరి కెమెరా నిలబడది. ఇంకో బ్యాటరీ పెట్టిండు. అయినా అంతే. దోస్తులను అడిగిండు, టీవీ మెకానిక్కును అడిగిండు, నన్ను కూడా అడిగిండు. నాకేం తెలుసు, నేను డంపర్ తొక్కేటోణ్ణి.

ఇది తెగక ముందే ఒక పొద్దు బండి తీసి తండాకు పోయిండు, రూప్లా దగ్గరికి. మాఫీ అడుగుదామని. రూప్లా పామాయిల్ తోటల ఉన్నడు. ఈయన పోయి నమస్తే పెడితే తల కూడా ఎత్తలే, డ్రిప్పు పైపులు సర్దుకుంట పోతనే ఉన్నడు. జానీ ఎనుక ఎనుక నడుసుకుంట, "అన్నా, తప్పు నాదే, నీ బిడ్డది కాదు" అంటాండు. తోట చివరికి పోయినంక చూస్తే ఆ కొస చెట్లు పసుపు తిరిగి ఉన్నయి. జానీ నోరు ఊకుంటదా, ఇయి ఎందుకు గిట్లైనయి అన్నా అని అడిగిండు. దానికి మాత్రం రూప్లా జవాబు చెప్పిండు, చెట్టు సంగతి గదా. "సన్న పైపు ఏసిన. మోటరు కాడ జోరుగుంటయి నీళ్లు, చివరికి పోతూ పోతూ సస్తయి. ఇప్పుడు లావు పైపు చివరిదాక తీస్కపోయి, ఏ చెట్టు కాడ ఆ చెట్టుకు కుళాయి బిగిస్తున్న" అన్నడు. జానీ అక్కడ్నే నిలబడ్డడు. మల్ల చెప్పు అన్నా అన్నడు. రూప్లాకు కోపమొచ్చింది, ఎక్కిరిస్తాండనుకున్నడు. ఈయన రూప్లా రెండు చేతులు పట్టుకొని, మాఫీ సంగతి మర్సిపోయి, బండెక్కి ఉరికొచ్చిండు. నాకు గోడ మీదికెల్లి చెప్తాండు, "కాశన్నా, నేను డబ్బీ బ్యాటరీ కాడ పెట్టిన, సన్న వైరు పైకి గుంజిన. తప్పు. లావు వైరుల పూర జోరు పైదాక పోవాలె, ప్రతి కెమెరా పక్కన దాని డబ్బీ దానికి ఉండాలె" అని. ఆ సాయంత్రానికే నాలుగు డబ్బీలు పైపుల మీద బిగిచ్చిండు. నాలుగు కండ్లు తెరిచినయి. తెరిచి అట్లనే ఉన్నయి.

ఇగో, మీ వాకిట్లనే, ఇప్పుడు నువ్వు బండి పెడ్తవు సూడు, అక్కడ పందిరి నిలబెట్టి పొద్దందాక నడిపిండు. మనిషి గుద్దుకుంటే కూడా ఊడొద్దని తానే పోయి గుంజలను తన్నేటోడు, భుజంతోని గుద్దేటోడు. మొదట్ల ఊడినయి. తర్వాత వైరును పైపుకు కట్టి, కెమెరా కాడ కొంచెం వదులు విడిచిండు, ఎంత గుంజినా ఆ గుంజుడు ముడి కాడ ఆగాలె గని కెమెరాదాక పోవద్దని. ఇంకో తమాషా చెప్పాలె. మస్తాన్‌బీ కోడి పెట్టిన గుడ్లు మాయమైతున్నయని ఆమెకు నా మీద అనుమానం. ముఖం మీద అనలే గని, అన్నా, ఆమ్లెట్ వాసన మస్తుగొస్తాంది మీ ఇంట్లకెల్లి అనేది. ఆ దినం కెమెరాల చూస్తే ఏముంది, కోడి గోడ దుంకి చిన్నక్క కట్టెల మోపుల గుడ్డు పెట్టి వస్తాంది. చిన్నక్క అంటే అటు పక్కింటామె, ఆమెకూ తెల్వది పాపం. మస్తాన్‌బీ నాకు ఇంత బిర్యానీ పంపింది. జానీ, "చూసినవా, జానీ కన్ను మొదటి కేసు కొట్టేసింది" అన్నడు. మల్ల నోరొచ్చింది వానికి.

మరుసటేడు మల్ల ఎండాకాలం, ఈసారి పోటీలు దమ్మపేటల పెట్టిన్రు. జమ్లి లేకుంట తండా టీము ఏం టీము. జానీ నన్ను వెంట తీస్కొని రూప్లా ఇంటికి పోయిండు. రూప్లా మంచమేసిండు గని ముఖం తిప్పుకున్నడు. "మా పిల్ల పేరు మీ నల్ల తెరల పోయింది. మల్ల పంపి మల్ల నవ్విపించుకోవాల్నా" అన్నడు. జమ్లి గడప కాడ నిలబడి ఉన్నది, కాలి బొటనవేలితోని నేల గీస్తాంది. జానీ ఎన్ని తీర్ల చెప్పిండో, లావు వైరన్నడు, డబ్బీలన్నడు, నీ తోటల నేర్చుకున్నదే అన్నడు. రూప్లా కదలలే. ఆఖరికి జమ్లి అన్నది, "బాపూ, నేను దాటిన్నో దాటలేదో నాకు తెలుసు. వాళ్లకు చూపియ్యనియ్" అని. రూప్లా బిడ్డ దిక్కు చూసి, "బ్యాటరీ ఎవలది పెడ్తవ్" అని అడిగిండు. ఆటోది అన్నడు జానీ. "అది వద్దు. నా ట్రాక్టరుది తీస్క. దాని కాడ నేను కూసుంట. నేను కూసున్నంక ఎవడు ముడుతడో చూస్త" అన్నడు. అటుక మీద నుంచి బూట్లు ఆయనే దించిండు.

ఫైనల్ దినం తండా అంత అదే ట్రాక్టరు మీద వచ్చిన్రు. దిగంగనే రూప్లా బ్యాటరీ ఇప్పి, పందిరి గుంజ కాడ గోనె సంచి పరిచి దాని మీద పెట్టి, పక్కన బాసింపట్టు ఏసుకొని కూసున్నడు. ఒక చెయ్యి వైరు ముడి మీద. మల్ల అదే ఖమ్మం టీము, అదే సోని, అదే తిరుమల మేడం, మైకుల అదే హరిప్రసాద్. ఆట సగమైనంక గాలిదుమారం లేసింది. టెంటు గుడ్డలు ఎగిరినయి, కరెంటు పోయింది, మైకు పడిపోయింది. దుమ్ము తగ్గినంక ఎలుతురున్నది గదా అని ఆట నడిపిన్రు. పాయింట్లు సమం. ఆఖరి కూత, జమ్లిది. పోయింది, ఒక పిల్లను గోటితోని ముట్టుకున్నది, మల్ల అదే గీత పొంటి, అదే తీరుగ ఉరికొచ్చింది. మల్ల సీటీ. మేడం చెయ్యి బయటికి చూపించింది. ఎనుక నుంచి ఎవడో, గీత దాటిన జమ్లి అననే అన్నడు. హరిప్రసాద్, "కరెంటే లేదు, ఇగ జానీ కన్ను ఏడిది" అని నవ్విండు. జానీ ఒక్క మాట అనలే బిడ్డా. వాని జిందగీల మాట అనకుంట ఉన్నది నేను చూసింది అదొక్కపాలే. నిచ్చెన ఎక్కిండు, కెమెరాల కార్డు తీసిండు, దిగిండు. రూప్లా బ్యాటరీకే చిన్న టీవీ తగిలిచ్చి ఉంచిండు. మేడాన్ని పిలిచి కుర్చీ ఏసి, ఎండ పడకుంట తన అంగీ ఇప్పి అడ్డం పట్టిండు.

మేడం చూసింది. ఆగి ఆగి చూసింది. సున్నం గీత తెల్లగ ఉన్నది, దాని పక్కన జమ్లి పాదం పడ్డది, వేలెడంత లోపల. సున్నం చెదరలే. మేడం లేసి, "లోపల్నే ఉన్నది, పాయింట్ తండా టీముది" అన్నది. ఆమె కూడా మంచి మనిషే, కన్ను ఎవలిదైనా తప్పుతది. ఇగ జనం కోర్టుల పడబోతుంటే సోని, "మేడం, ముందుది కూడా చూడున్రి, నాకు డౌటున్నది" అన్నది. ఎనుకకు తిప్పిన్రు. తిప్పితే ఏమైంది, ఇంతకు ముందు కూతల జమ్లి మడమ గీత అవుతల ఉన్నది, సున్నం తొక్కింది, బాజాప్త కనపడ్తాంది. దానికి పాయింట్ ఇచ్చి ఉన్నరు. జానీ ఇంత కష్టపడి పెట్టిన కన్ను, ఇప్పుడు ఆ పిల్లనే పట్టిస్తాంది. మేడం ఇంకా ఏం అనకముందే జమ్లి వంగి టీవీల చూసి, "అది ఔటే. నాకు తెల్వలే. తీసెయ్యున్రి" అన్నది. అంతే. ఆ పాయింట్ తీసేసిన్రు, మల్ల సమం.

ఇగ ఒక్కొక్క కూత అన్నరు, ఈ టీముకొకటి, ఆ టీముకొకటి. ముందు జమ్లి పోయింది, ఎవలూ దొరకలే, ఒట్టి చేతులతోని వచ్చింది. తర్వాత సోని వచ్చింది. పొడుగు చేతులు, ఇట్ల చాపితే సగం కోర్టు. ఒక పిల్ల భుజం దగ్గరికి చెయ్యి పోనే పోయింది, జమ్లి కింద పడి సోని చీలమండ పట్టింది. సోని గుంజుతాంది, ఎంత గుంజినా ఇడుస్తలేదు, ఇద్దరు దుమ్ముల కొట్టుకుంట పోయి పందిరి గుంజకు దఢేలున గుద్దుకున్నరు. పందిరంత ఊగింది. సోని చెయ్యి నడిమిగీతకు జానెడు దూరంల ఆగింది, కూత తెగిపోయింది. ఈసారి ఎవలూ టీవీ అడగలే. సోనినే లేసి జమ్లి చెయ్యి పట్టి లేపింది. జనం సంగతి ఏం చెప్తం, నేను కూడా ఎవన్నో కావలించుకున్న, ఎవడో తెల్వది. రూప్లా మాత్రం అట్లనే కూసోని ఉన్నడు, రెండు చేతులతోని వైరు ముడి పట్టుకొని, తల వంచుకొని. ఆట చూడనే చూడలే ఆయన. జమ్లి ముందుకొచ్చి నిలబడితే తలెత్తి, "వైరు ఊడలే" అన్నడు. "ఊడలే బాపూ, గెలిచినం" అన్నది. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. హరిప్రసాద్ మైకు లేకుంటనే వచ్చి రూప్లా చేతులు పట్టుకున్నడు, ఏమన్నడో నాకు వినపడలే. ఇప్పుడు జమ్లి గురుకులంల ఆటల టీచరు. గీత దాటిన జమ్లి అని పేరు పెట్టి పిలిచినోళ్ల పిల్లలకే ఆట నేర్పుతాంది.

పోదామని బ్యాటరీ తీసి ట్రాక్టరుకు పెడితే సెల్ఫు గుర్రు మన్నది, అయిపోయింది. పొద్దందాక కెమెరాలకు, టీవీకి పోసి పోసి ఏం మిగల్లే దాంట్ల. ఇగ తోసుడే. తండా తోసింది, నేను తోసిన, దమ్మపేటోళ్లు తోసిన్రు, ఆఖరికి సోని వాళ్ల టీము బస్సు దిగి వచ్చి తోసిన్రు. గెలిచిన పిల్లలంత ట్రాలీల, కప్పు జమ్లి ఒడిల. రూప్లా స్టీరింగు కాడ. జానీ ముందు నడుసుకుంట, పెండ్లిల లెక్కనే, "ఎడమకు, ఎడమకు, కప్పు పైకెత్తు బిడ్డా, అందరు ఇటు చూసుకుంట తొయ్యున్రి" అంటాండు. చేతుల కెమెరా ఉన్నది, దాంట్ల మాత్రం పానం లేదు. బ్యాటరీ గూట్ల ఉన్నది ఆ ఉత్తుత్తి చెక్క ముక్కనే. తెలిసి కూడా కంటికి పెట్టుకొని ఎనుకకు ఎనుకకు నడుస్తనే ఉన్నడు, ట్రాక్టరు పొగ వదిలి అందుకునేదాక. ఆ తోసుడు ఎక్కడా రికార్డు లేదు బిడ్డా...

అదేంది, మీ ఇంట్ల కుక్కరు ఈల మీద ఈల ఏస్తాంది. పో పో, పప్పు మాడుతది.